అంచున రాసిన మాటలు

“నీకు సంతోషంగా లేదుటే?” అని అత్త అడగడం పొద్దుట్నుంచి అది మూడోసారి.

పెద్దమ్మాయి, నాన్న మంచం మీద వేయాల్సిన దుప్పటిని రెండుసార్లు దులిపి, మూడోసారి దులపడానికి వరండాలోకి పట్టుకెళ్ళింది. ఆ దుప్పటిలో దుమ్ము లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అత్తకి చిరాకు రావడంలో న్యాయం ఉంది. అన్నగారి గుండె ఆగిపోయి ఇవాళ్టికి మూడో రోజు. పుస్తకాల బైండరు ఆయన. సగం అతికించిన అట్ట ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోతే, ఎదురు కొట్లో కళ్ళద్దాలు అమ్మే ఆయన పరుగెత్తుకొచ్చి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాడు. ఆస్పత్రి బండి వచ్చి, కరెంటు పెట్టి, గుండెని మళ్ళీ కొట్టించేసరికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. అలాంటి మనిషి నిన్న పొద్దున్న కళ్ళు తెరిచి, నర్సమ్మ చేతిలోని రిజిస్టరు చూసి, “ఎవరు బైండు చేశారమ్మా దాన్ని, మూల ఊడిపోతోంది” అన్నాడు. వార్డంతా నవ్వింది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

అదీగాక చిన్నోడు వచ్చాడు. ముప్పై ఆరేళ్ళు వచ్చి, బస్సులో ఆరు గంటల దూరంలో లిఫ్టులు బాగుచేసుకునే మనిషిని ఇంకా చిన్నోడు అనడం ఆ వీధికే చెల్లింది. తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చాడు. వచ్చాడనేకన్నా, అక్క రప్పించిందనడం నిజం. నాన్నకి ఇంకా తెలివి రాకముందే ఫోను చేసి, “రేపు మధ్యాహ్నంలోగా నాన్న ముందు ఉండు. ఎల్లుండి అనకు” అంది. ఎందుకని వాడు అడగలేదు. అడగనందుకు ఆమె ఆ క్షణాన సంతోషించింది. ఇప్పుడు సంతోషించడం లేదు.

ముందుగదిలోంచి నూనె వాసన వచ్చింది. ఆ వెంటనే ఇనుము కదిలిన చప్పుడు.

పెద్దమ్మాయి దుప్పటి అత్త చేతిలో పెట్టి అటు వెళ్ళింది. ఆమె అనుకున్నట్టే జరిగింది. తమ్ముడు కటింగ్ మిషను మీద గుడ్డ తీసేశాడు. తొమ్మిదేళ్ళుగా నాన్న ఆ గుడ్డ తీయలేదు. దాని మీద అట్టముక్కలు, దారపు కండెలు పేర్చుకుని, ఎంత లావు పుస్తకానికైనా అంచులు చేతికత్తితోనే కోసుకుంటున్నాడు. మిషను మీదైతే ఒక్క తిప్పుతో అయిపోయే పనికి పూట పూటంతా కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే, మిషను పాడైందనేవాడు. మిషనుకి ఏమీ కాలేదు.

“చక్రం బాగానే తిరుగుతోందక్కా” అన్నాడు చిన్నోడు, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. “ఊరికే పడేశాడు పాపం.”

ఆ గది ఏమీ మారలేదు. గోడ వారగా పుస్తకాలు బిగించే మరపట్టు, దాని పక్కన జిగురు కాచే స్టవ్వు, కిటికీ కింద పొడుగాటి బల్ల. ఆ బల్ల చుట్టూ నాలుగు పీటలుండేవి. ఒకటి నాన్నది. రెండోదాని మీద అమ్మ కూర్చుని, దారానికి మైనం రాసి సూదికి ఎక్కించేది. మిగతా రెండు వీళ్ళవి. బడి నుంచి రాగానే సంచులు విసిరేసి, కాగితం మడత నొక్కే పుల్లలు అందుకునేవాళ్ళు. అచ్చయిన పెద్ద కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే పదహారు పేజీల ఫారం. చిన్నోడి మడత ఎప్పుడూ ఒక పక్కకి వంకరపోయేది. నాన్న ఏమీ అనకుండా దాన్ని విప్పి, అరచేత్తో సాపుచేసి, తిరిగి వాడి ముందే పెట్టేవాడు. పెద్దమ్మాయి మడత చూసి మాత్రం, “దీనిది కంసాలి చెయ్యి, గీత తప్పదు” అని మురిసిపోయేవాడు.

ఆ చెయ్యే ఆమెకి అన్నం పెట్టింది. పరిశోధనశాలలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు మైనం దిమ్మలో పెట్టిన మెదడు ముక్కని మిషను మీద కోసి చూపించమన్నారు. వెంట్రుక మందంలో పదో వంతు. తెగకూడదు, ముడత పడకూడదు. ఆమె పొర తరవాత పొర తీసి గోరువెచ్చటి నీళ్ళ మీద రిబ్బనులా తేల్చి, గాజు స్లైడు మీదికి ఎక్కించింది. అప్పటినుంచి పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే కిటికీ. అక్కడ అందరూ ఆమెను స్లైడమ్మ అంటారు. ఒకసారి నాన్న ఆ గది చూడ్డానికి వచ్చి, ముందు కత్తి పదును చూసి, తరవాత మైక్రోస్కోపులో కన్నుపెట్టాడు. ఇది ఎవరి మెదడని అడిగితే ఎలుకదని చెప్పింది. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు. ఎలుక లోపల కూడా ఇంత పొందిగ్గా వరసలు పేర్చి ఉంటాయా అని ఇంటికొచ్చేదాకా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు. ఆనాటి ఆయన మొహం పెద్దమ్మాయికి ఈ మూడు రోజుల్లో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు.

“ఇది చూశావా?” అని తమ్ముడు జేబులోంచి కాగితం తీశాడు. దాంతోపాటు బస్సు టిక్కెట్టు కూడా బయటికొచ్చింది. రేపు పొద్దున్నది. ఎనిమిది అంతస్తుల భవనంలో రెండు లిఫ్టులూ ఆగిపోయాయని వాళ్ళ మేస్త్రీ నిన్నటినుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. టిక్కెట్టు మళ్ళీ జేబులో పెట్టి, కాగితం అక్కకిచ్చాడు.

ఆమె నిన్ననే చూసింది. నాన్న చెబుతుంటే వాడు రాస్తున్నప్పుడు పక్కనే ఉంది. అయినా చదివింది.

మూడు మాటలు. మూడూ అమ్మవి.

‘చిన్నోడు ఇవాళ వేడి జిగురు గిన్నెలో చెయ్యి పెట్టాడు. ఈయన కొట్టబోయి ఆగి, చెయ్యి కడిగారు. కడుగుతూ ఏడ్చారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.’

‘పెద్దదాని ఎత్తు తలుపు గడియ దాటింది. నాకెందుకో దిగులుగా ఉంది.’

‘ఇవాళ నలుగురం కూర్చుని అట్టలు అతికించాం. పని అయిపోతుందేమోనని నేను నెమ్మదిగా అతికించాను.’

అమ్మకి ఒక నోటు పుస్తకం ఉండేది. పిల్లల జ్వరాలు, వేసిన మందులు, ఊడిన పళ్ళు, పెరిగిన ఎత్తులు అందులో తేదీల ప్రకారం రాసేది. అందరికీ తెలిసిన సంగతులు లోపల రాసేది, ఎవరికీ చెప్పని సంగతులు పేజీ అంచున సన్నటి అక్షరాలతో రాసుకునేది. ఆమె పోయాకగానీ నాన్నకి ఆ అంచుల సంగతి తెలియలేదు. తెలిశాక రోజుకో పేజీ చదువుకునేవాడు. చదివింది ఎవరికీ చెప్పేవాడు కాదు.

అమ్మ పోయిన మరుసటేడు, నాన్న మురిసిపోతాడని చిన్నోడు ఆ పుస్తకాన్ని విప్పి, కొత్తగా కుట్టాడు. తోలు అట్ట వేసేముందు, అంచులు నలిగి ఉన్నాయని సాపుగా కోద్దామనుకున్నాడు. మొదటి పది పేజీలూ తిప్పి చూశాడు. అంచులు ఖాళీగా ఉన్నాయి. కొలత పెట్టి, మిషనులో బిగించి, చక్రం తిప్పాడు. పదకొండో పేజీ నుంచి అమ్మ అంచున రాయడం మొదలుపెట్టిందని వాడికి తెలియదు. నాన్న రెండు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి పుస్తకం కొత్త తోలు అట్టతో బల్ల మీద తళతళలాడుతోంది. కోసిన పీలికలు చిత్తు కాగితాల బండిలో వెళ్ళిపోయాయి. చూసుకోకుండా అంచు కోసేవాడు బైండరు కాదని ఆ ఇంట్లో నడక రాకముందే నేర్పుతారు. ఆ తప్పు ఆ ఇంటి పిల్లాడే చేశాడు.

మీ అమ్మ మాట కోసేశావురా అన్నాడు నాన్న. చిన్నోడికీ రోషం వచ్చింది. నీకు బతికున్నవాళ్ళకన్నా కాగితం ఎక్కువైందన్నాడు. పొమ్మంటే పోయాడు. తొమ్మిదేళ్ళు.

నిన్న మాత్రం నాన్న వాణ్ణి చూసి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరవాత వాడి చెయ్యి పట్టుకుని, “పోన్లేరా” అన్నాడు. ఆ వెనకే, “ఆ అంచులన్నీ నాకు నోటికి వచ్చు. కాగితం తీసి రాసుకో” అన్నాడు.

“నెలకోసారి వస్తానక్కా” అంటున్నాడు చిన్నోడు. “ఒక్కోసారి పది పన్నెండు చెప్పినా, ఏడాదిలో పుస్తకమంతా తిరిగొస్తుంది. నేనే కుడతాను. అంచులు అసలు ముట్టుకోను.” వాడి మొహం మడత కుదిరిన రోజున ఉండేటట్టు ఉంది.

పెద్దమ్మాయి కాగితం తిరిగి ఇచ్చేసింది.

“ఏమిటే నీ వరస?” అంది గుమ్మంలోంచి అత్త. “అన్నయ్య బతికొచ్చాడు. వీడు ఇంటికొచ్చాడు. నువ్వేమో మూతి ముడుచుకు కూర్చున్నావు. మీ లేబరేటరీలో నవ్వితే జీతం కోస్తారా ఏం?”

“అత్తా, నిన్న నాన్న ఇవాళ ఏం వారమని ఎన్నిసార్లు అడిగాడు?”

“అడిగాడు. మందుల మగత.”

“నాలుగుసార్లు. నాలుగుసార్లూ వీడు చెప్పాడు. నాలుగోసారి కూడా నాన్న మొదటిసారి విన్నట్టే విన్నాడు.”

చిన్నోడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. “మగతేనని డాక్టరు కూడా అన్నాడుగా” అన్నాడు వాడు. “అన్నాడు. ఇంకో రెండు మూడు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమని కూడా అన్నాడు. ఆ రెండో మాట మీరెవరూ వినిపించుకోలేదు” అంది అక్క. “ఏదో తెలుసు నీకు, చెప్పు” అన్నాడు వాడు. ఆమె పీట లాక్కుని కూర్చుంది. అది అమ్మ పీట.

చెప్పక తప్పలేదు. రక్తం ఆగితే మెదడులో కణాలు అక్కడికక్కడే చచ్చిపోతాయని అందరూ అనుకుంటారు. ఎక్కువసేపు ఆగితే అంతే. కొద్ది నిమిషాలే ఆగి మళ్ళీ వస్తే అలా కాదు. ప్రతి కణమూ లోపలికి చొరబడే ఉప్పుని నిమిషం ఆగకుండా బయటికి తోడిపోసుకుంటూ బతుకుతుంది. ఆ తోడే పనికి కావాల్సిన బలం రక్తమే తెచ్చిపెట్టాలి. రక్తం ఆగితే తోడడం ఆగుతుంది. ఉప్పూ, నీళ్ళూ, వాటి వెనక కాల్షియమూ లోపలికి వచ్చేస్తాయి. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి చిటికెడు చిటికెడు వాడుకునే రసాయనం ఒకటుంది. ఉక్కిరిబిక్కిరైన కణం దాన్నంతా ఒక్కసారిగా పక్కవాటి మీద కుమ్మరిస్తుంది. అంత మీద పడ్డాక అది కబురు కాదు, దెబ్బ. దాంతో పక్కవి కూడా నీరుగారిపోతాయి.

“రక్తం తిరిగొచ్చిందిగా మరి” అంది అత్త.

వచ్చింది. రాగానే కణాలు తేరుకున్నట్టే కనిపిస్తాయి. మొదటి రోజు కోసి, రంగు వేసి చూస్తే కణాల వరస నిండుగా ఉంటుంది. రెండో రోజూ పెద్ద తేడా కనిపించదు. కానీ లోపలికి చేరిన కాల్షియం కణాన్ని లోపల్నుంచే విప్పడం మొదలుపెట్టి ఉంటుంది. మూడో రోజు చూస్తే మెదడు లోపలి ఒక వంపులో కణాలన్నీ ముడుచుకుపోయి ఉంటాయి. దాని పక్క వరస చెక్కుచెదరదు. ఆ ఒక్క వంపే. పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఆ మూడు స్లైడుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తోంది.

“ఆ వంపులో ఏముంటుంది?” అన్నాడు తమ్ముడు.

“ఇవాళ జరిగినదాన్ని రేపటికి దాచే చోటు అది. నేను కోసినవి ఎలుకలవిరా. మనిషికి అచ్చంగా అలాగే అవుతుందని నేను చెప్పలేను. కాకపోనూవచ్చు.”

“పాతవి?”

“పాతవి ఉంటాయి. అవి ఎప్పుడో వేరేచోట సర్దుకున్నాయి.”

చిన్నోడు కాగితం వంక చూశాడు. మిషను వంక చూశాడు. వాడి బుర్ర చురుకైనదే, చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

“అంటే నేను కోసింది గుర్తుంటుంది. నిన్న నా చెయ్యి పట్టుకున్నది పోతుంది. అంతేనా?”

అక్క తల వంచుకుంది.

“ఇదంతా తెలిసే పిలిచావన్నమాట. మర్చిపోయే మనిషి చేత పోన్లేరా అనిపించడానికి.” వాడి గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది ఆమెకి. “నేను నిన్న ఎంత హాయిగా నిద్రపోయానో తెలుసా నీకు? తొమ్మిదేళ్ళలో అలా నిద్రపోలేదు.”

“నాన్న మర్చిపోయినా నువ్వు మర్చిపోవుగా. ఒక్క రోజైనా విన్నావు. అది చాలనుకున్నాను.”

“నా కోసం అనకక్కా. నీ కోసం. ఇక్కడ ఆయనకీ, అక్కడ నాకూ సర్దిచెప్పి చెప్పి నువ్వు అలిసిపోయావు.”

అందులో అబద్ధం లేదు. తొమ్మిదేళ్ళలో ఎన్ని ఉత్తరాలు చించి మళ్ళీ రాసిందో, నాన్న అడగని క్షేమసమాచారాలు ఎన్నిసార్లు అడిగినట్టు చెప్పిందో ఆమెకే తెలుసు. అలసట మాట నిజం. ప్రేమ మాట కూడా నిజమే. రెంటినీ విడదీయడం ఆమె కత్తికి చేతకాలేదు.

అత్త ఎప్పుడు కూర్చుందో, నాన్న పీట మీద కూర్చుని ఉంది. దుప్పటి ఇంకా ఒళ్ళోనే ఉంది. “అయితే నిన్న నేను తినిపించింది కూడా అన్నయ్యకి గుర్తుండదా?” అంది నెమ్మదిగా.

ఆస్పత్రికి ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్ళారు. పాత అచ్చాఫీసు వీధి మలుపు దగ్గర చిన్నోడు, తలుపు మూసి ఉన్న ఆ భవనాన్ని మెడ తిప్పి మరీ చూశాడు. అక్కడినుంచే ఫారాలు నెత్తిన పెట్టుకుని అక్కాతమ్ముళ్ళు ఇంటికి తెచ్చేవాళ్ళు. వాన పడితే వాడు చొక్కా విప్పి కాగితాల మీద కప్పేవాడు. పెద్దమ్మాయికి కూడా అదే గుర్తొచ్చింది. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

బైండరు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం కళగా ఉంది. మందుల చీటీని ఒళ్ళో పెట్టుకుని సగానికి, మళ్ళీ సగానికి మడుస్తూ, బొటనవేలి గోరుతో మడత నొక్కుతున్నాడు. చెల్లెల్ని చూసి నవ్వాడు.

“ఎప్పుడొచ్చావే? కబురందిందా?”

అత్త నోరు తెరిచి మూసింది. నిన్నంతా ఆ మంచం పక్కనే కూర్చుని చెంచాతో తాగించిన మనిషి ఆమె. “ఇప్పుడేనన్నయ్యా” అంది. పెద్దమ్మాయి ఏ స్లైడు తప్పని తేలాలని ఈ మూడు రోజులూ కోరుకుందో, ఆ స్లైడే కళ్ళముందు నిలబడింది.

అప్పుడు బైండరు చూపు వాళ్ళ వెనక గుమ్మంలో నిలబడినవాడి మీద పడింది. చేతిలో మడత ఆగింది.

“వీడెందుకొచ్చాడు?”

అత్త పెద్దమ్మాయి వైపు చూసింది.

“నేను పోతానని చెప్పి పిలిపించారా? పోలేదుగా. పొమ్మను.” కూతురి వైపు తిరిగి, గుమ్మంలో ఉన్నవాడితో మాట్లాడాల్సిన అవసరం లేనట్టు చెప్పాడు. “వాళ్ళమ్మ మాట కోసి చిత్తుబండిలో వేసినవాడికి ఇక్కడేం పని?”

తొమ్మిదేళ్ళ కిందటి మాట. అదే విరుపు, అదే ఊపు. చిన్నోడు వెనక్కి ఒక అడుగు వేశాడు. వేసిన అడుగు వేసినట్టే ఆగి, జేబులోంచి కాగితం తీసి అక్క చేతికిచ్చాడు. తనే నాన్నకి ఇవ్వలేదు. ఆమె దాన్ని నాన్న ఒళ్ళో పెట్టి, కళ్ళజోడు తొడిగింది.

బైండరు ముందు కాగితం అంచుని వేలితో తడిమాడు. అది ఆయన అలవాటు. తరవాత చదివాడు. మొదటి మాట దగ్గర పెదాలు కదిలాయి. మూడు మాటలూ చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

“ఇది నేనెవరికీ చెప్పలేదు” అన్నాడు. కోపం కాదు, భయంలాంటిది ఆ గొంతులో. “ఇది వీడి చేతిరాత. వీడికెవరు చెప్పారు?”

“నువ్వే నాన్నా. నిన్న మధ్యాహ్నం. ఇదే మంచం మీద.”

“నిన్న నేను పనిలో ఉన్నానుగా. తోలు అట్ట అతికిస్తున్నాను.”

“అది మొన్న.”

ఆయన మందుల చీటీ వంక చూశాడు. కిటికీ వంక చూశాడు. మంచం పక్క బల్ల మీద, ఎవరో తాగించి పెట్టిన గ్లాసు వంక చూశాడు. జీవితమంతా చిరిగిన పుస్తకాలు చేతిలోకి తీసుకుని, ఏం పోయిందో వేళ్ళతో వెతికిన మనిషి. కాసేపటికి తల ఊపాడు.

“మధ్యలో ఒక ఫారం లేదన్నమాట” అన్నాడు. “ఇంకా పోతాయా? నువ్వు కోసి చూసేదానివి. నాకు అబద్ధం చెప్పకు.”

“పాతవి ఎక్కడికీ పోవు నాన్నా. కొత్తవి అంటుకోవేమో. కొన్నాళ్ళకి కొంచెం కొంచెం అంటుకోవచ్చు. నాకు తెలియదు.” పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నాకు తెలియదు అన్న మాట ఆమె ఇంత ఆశగా ఎన్నడూ అనలేదు.

“జిగురు పట్టడం లేదు” అన్నాడాయన తనలో తాను.

అత్త కళ్ళు తుడుచుకుంది. బైండరు కొడుకుని చూశాడు. ఈసారి నేరుగా వాడినే అడిగాడు.

“నిన్న నేను నిన్నేమన్నాను?”

పోన్లేరా అన్న మాట కోసం వాడు తొమ్మిదేళ్ళు ఆగాడు. నిన్న దొరికింది. ఇప్పుడు ఒక్కసారి తిరిగి చెబితే చాలు, పక్కన ఇద్దరు సాక్షులున్నారు. పెద్దమ్మాయి వాడినే చూస్తోంది. చెప్పరా అని లోపల్లోపల వేడుకుంటోంది.

“రాసుకోమన్నావు” అన్నాడు చిన్నోడు.

“అంతేనా?”

“అంతే.”

బైండరు వాడి మొహంలో ఏదో వెతికాడు. దొరికిందో లేదో తెలియదు. కాగితాన్ని వాడి వైపు జరిపాడు. “కూర్చో అయితే. వెనక వైపు రాయి.”

చిన్నోడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెన్ను తీశాడు. నాన్న కళ్ళు మూసుకుని, తప్పుపోకుండా, అమ్మ కుదురుగా రాసినంత కుదురుగా చెప్పడం మొదలుపెట్టాడు.

“చిన్నోడు ఇవాళ వేడి జిగురు గిన్నెలో చెయ్యి పెట్టాడు.”

ఇది నిన్న రాసిందేగా అనబోయింది అత్త. పెద్దమ్మాయి ఆమె చెయ్యి నొక్కింది. చిన్నోడు కొత్తగా విన్నట్టే విని, కొత్తగా రాసినట్టే రాస్తున్నాడు. మణికట్టు కింద పాత మచ్చ కాగితం మీద ఆని ఉంది.

“అంచు వదిలి రాయరా” అన్నాడు బైండరు కళ్ళు తెరవకుండానే. “ఎవడైనా కోస్తాడు.”

చిన్నోడికి నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళలో నీళ్ళొచ్చాయి. అంచు వదిలాడు.

“ఈయన కొట్టబోయి ఆగి, చెయ్యి కడిగారు. కడుగుతూ...”

ఆగిపోయాడు. ఒక క్షణం, ఇంకో క్షణం. పెద్దమ్మాయి ముందుకి వంగింది. పాతది కూడా జారిపోయిందా, లేక వాడి ముందు ఆ మాట అనడం ఇష్టం లేదా అన్నది ఆయన మొహం చూసి చెప్పలేకపోయింది.

“మిగతాది నీకు తెలుసుగా” అన్నాడు నాన్న. “రాయి.”

“నేను రాయను నాన్నా. అది అమ్మ మాట. నువ్వు చెబితేనే రాస్తాను.”

“నా దగ్గర ఏది ఉంటుందో, ఏది పోతుందో నాకే తెలియడం లేదు. నీ దగ్గర ఉండనీ. రాయి.”

చిన్నోడు ఆ ఒక్క మాటా రాశాడు. రాసి, నాన్న ముందు పెట్టాడు. బైండరు ఆ మాట మీద వేలు పెట్టి కొంచెంసేపు ఉంచాడు. తరవాత ఆ వేలు కాగితం దిగి, వాడి మణికట్టు మీది మచ్చ దాకా వెళ్ళింది.

“రేపు పొద్దున్న నేను నిన్ను మళ్ళీ పొమ్మంటాను” అన్నాడు. “వెళ్ళకు. ఈ కాగితం నా చేతిలో పెట్టు.”

చిన్నోడు తల ఊపాడు. ఊపుతూనే, చొక్కా జేబు మీదికి వెళ్ళబోయిన చేతిని మధ్యలో ఆపుకున్నాడు. జేబులో టిక్కెట్టు ఉంది. రేపు పొద్దున్న ఆరున్నర బస్సుది.